అడుగున మిగిలింది

"ఐస్ కరిగిపోయిందని రాసి సంతకం పెట్టు ఉమా. నీ ఉద్యోగానికేం కాదు, నేను చూసుకుంటాను," అన్నాడు డాక్టర్ తారకేశ్వరరావు, తెల్ల కాగితాన్ని బల్ల మీద ముందుకు తోస్తూ.

ఉమ కాగితాన్ని ముట్టుకోలేదు. భుజానికి వేలాడుతున్న ఐస్ పెట్టె పట్టీని రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడింది. దోనిపేట నుంచి రెండు ఆటోలు మారి వచ్చిందేమో, చీర కుచ్చిళ్ళకు ఇంకా ఇసుక అంటుకునే ఉంది.

"కరగనేదు సార్," అంది. "ఇశాపట్నంలో పెట్టె ఇప్పినప్పుడు ఆ పవన్ సారు సెయ్యెట్టి సూసినాడు. ముక్కలు ముక్కలుగానే ఉంది."

"మరి నంబర్లు అలా ఎందుకు వచ్చాయి?"

"అది నాకేటి తెలుస్తాది సార్? రగతం తీసీది నాను, నంబరేసీది మిషను."

గుమ్మంలో నిలబడిన హేమలతకు నవ్వొచ్చింది కానీ డాక్టరుగారి మొహం చూసి ఆపుకుంది. ఆమె చేతిలో కూడా కాగితాలే ఉన్నాయి. ఉదయం నుంచి వాటిని నాలుగు సార్లు చూసింది.

కాశీబుగ్గ బస్టాండు వెనక మూడు గదుల్లో నడిచే ఆ పరిశోధన కేంద్రానికి పని ఒకటే. కిడ్నీ జబ్బు ముసిరిన ఉద్దానం ఊళ్ళ మనుషుల రక్తం తెచ్చి, కిడ్నీ ఏ మాత్రం పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో కొలవాలి. బజారు ల్యాబుల్లో రంగు మారడాన్ని బట్టి అంచనా కడతారు. ఒకే మనిషికి పలాసలో ఒక అంకె వస్తే టెక్కలిలో ఇంకో అంకె వస్తుంది. ఇక్కడున్న మాస్ స్పెక్ట్రోమీటర్ అణువుల్ని బరువును బట్టి ఏరి లెక్కపెడుతుంది. దాని అంకె మీద అందరికీ నమ్మకం. ఆ మిషన్‌ని నడిపేది హేమలత.

సముద్రపు ఒడ్డున ఉండే దోనిపేటలో నలభై ఆరు మంది దగ్గర రెండేసి సీసాలు తీశారు. ఒకటి ఇక్కడికి వచ్చింది. రెండోది తనిఖీ కోసం విశాఖపట్నం ల్యాబుకు వెళ్ళింది. ఉమే స్వయంగా రైల్లో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. అక్కడా ఇలాంటి మిషనే. కానీ ఇక్కడి లెక్కలో, కిడ్నీ దెబ్బతిందని చెప్పే ఒకటిన్నర అంకె దాటినవాళ్ళు ఆరుగురైతే, అక్కడి లెక్కలో పద్నాలుగు మంది. పేటకు కనీసం పదిమంది ఉంటేనే డాక్టరు వ్యాను నెలనెలా అక్కడికి వెళ్తుంది.

"రెండు మిషన్లకీ పొంతన లేని ఊరిని నేను వ్యాను లిస్టులో పెట్టలేను," అన్నాడు డాక్టరు. "శనివారం లిస్టు పంపాలి. దోనిపేట తీసేద్దాం. ఎందుకు తీశామో ఒక కాగితం ఉండాలి కదా."

"శాంపిల్ పాడైందని మనకు తెలీదు కదా సార్," అంది హేమలత లోపలికి వచ్చి.

"ఇంకేం కారణం ఉంటుంది? మన మిషన్ తప్పంటావా?"

"అనను. రోజూ కంట్రోల్ శాంపిల్ వేస్తున్నాను. ఒక్కరోజు కూడా గీత దాటలేదు. తప్పుంటే వాళ్ళ మిషన్‌లో ఉండాలి. నాకు శుక్రవారం దాకా టైమివ్వండి సార్. నేను తేలుస్తాను."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. పై నుంచి రోజుకు రెండు ఫోన్లు వస్తున్నాయి. "శుక్రవారం సాయంత్రం అయిదు," అన్నాడు.

బయట వరండాలో ఉమ ఐస్ పెట్టెను గట్టు మీద పెట్టి ముక్కు చీదుకుంది.

"నువ్వు ఏ కాగితం మీదా సంతకం పెట్టకు," అంది హేమలత.

"అక్కా, నువ్వు నన్ను నమ్మినావా, మిషన్ని నమ్మినావా?"

"ఇద్దర్నీ."

"ఇద్దరిదీ నిజమెలాగవుతాదక్కా?" అంది ఉమ. అడగడంలో ఎత్తిపొడుపు లేదు. తెలుసుకుందామనే అడిగింది. 

మంగళవారం పొద్దున్నే వచ్చి హేమలత మిషన్ విప్పింది. ద్రవాన్ని పొగమంచులా చిమ్మే సూదిని తీసి మిథనాల్‌లో నానబెట్టింది. దాని ఎదురుగా ఉండే లోహపు మూతిని నూగు రాలని గుడ్డతో, కంటి రెప్ప తుడిచినంత నెమ్మదిగా తుడిచింది. ఫ్రీజరు లోంచి దోనిపేట సీసాల్లో పది తీసి, కరిగాక ఒక్కొక్కటీ పదిసార్లు తలకిందులు చేసి కలిపింది. ఫ్రిజ్ తలుపులో ఉండే గోధుమరంగు సీసా తీసింది. అది స్టాండర్డు. ఇంత మిథనాల్‌లో ఇంత క్రియాటినిన్ ఉందని ముందే తెలిసిన ద్రావణం. మిషన్ ముందుగా దాన్ని చూసి, దానితో పోల్చి మనిషి రక్తానికి అంకె వేస్తుంది. తూకంలో బాటు, అంటే తూకపు రాయి, ఎలాగో, మిషన్‌కి అది అలాగ.

మధ్యాహ్నానికి అంకెలు వచ్చాయి. పోయిన వారం వచ్చినవే. పదిహేడో నంబరు సీసాకి అప్పుడూ ఒకటీ పాయింట్ మూడు, ఇప్పుడూ ఒకటీ పాయింట్ మూడు. కంట్రోల్ గీత మధ్యలో బుద్ధిగా కూర్చుంది. విశాఖ కాగితంలో అదే పదిహేడో నంబరుకి ఒకటీ పాయింట్ ఆరు.

ఆ పది సీసాలకూ పక్కపక్కన రాసి చూసింది. అక్కడి ప్రతి అంకె ఇక్కడి దానికన్నా సుమారు అయిదో వంతు ఎక్కువ. పెద్దదానికి పెద్ద తేడా, చిన్నదానికి చిన్న తేడా. ఐస్ కరిగి పాడైతే ఒక సీసా ఒకలా, ఇంకోటి ఇంకోలా ఉండాలి. అన్నీ కూడబలుక్కున్నట్టు ఒకే వంతున పాడవవు. ఉమ చెప్పింది నిజమే. ఆ మాట స్థిరపడగానే హేమలతకు సగం బరువు దిగింది. మిగతా సగం వాళ్ళ మిషన్ మీదికి నెట్టింది.

భోజనానికి ఇంటికి వెళ్తే భర్త త్రినాథరావు అప్పటికే పీట వేసుకుని కూర్చున్నాడు. అతను జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చూస్తాడు. ఇరవై మంది పనివాళ్ళు చేటల ముందు కూర్చుని విరగని గుండు పప్పు, బద్ద, ముక్క ఏరుతుంటే, ఏరినదాన్ని సరిచూడటం అతని పని.

"ఏటి, మిషన్ మాటాడిందా?" అన్నాడు.

"పోయిన వారం చెప్పిందే చెప్పింది. కంట్రోల్ కూడా సరిగ్గా ఉంది."

"కంట్రోలంటే?"

"మీ దగ్గర నమూనా పళ్ళెం ఉండదూ, అలాంటిది."

"అలగైతే మంచిదే." అతను పప్పుచారు పోసుకుంటూ ఆగాడు. "మీ పళ్ళెం ఎవులు నింపుతారు?"

"ఎవరేమిటి, నేనే."

"నువ్వే ఏరి, నువ్వే పళ్ళెం నింపుకుంటావేటి? మాకు పళ్ళెం బయట నుంచి సీలేసి వస్తాది. మాదే మేం పెట్టుకుంటే మా అప్పలసూరి ఏరిన ముక్కంతా గుండు పప్పే అవుతాది. ఆడు ఏరిందాన్ని ఆడి పళ్ళెంతో సూసుకుంటే ఎప్పుడు తేడా వస్తాది?"

అతను నవ్వాడు. హేమలత నవ్వలేదు. కలుపుతున్న ముద్ద అలాగే చేతిలో ఉండిపోయింది. డిసెంబరు దాకా సీలు వేసిన కంట్రోల్ బయట నుంచే వచ్చేది. జనవరిలో అయిపోయింది. కొత్తది ఇంకా రాలేదు. పని ఆగకూడదని ఆ గోధుమరంగు సీసా లోంచే కంట్రోల్ తయారుచేస్తోంది. డాక్టరుగారు అలా చెయ్యమన్నాకే చేసింది. బాటునీ ఆ బాటుతో తూచిన సరుకునీ ఒకదాంతో ఒకటి సరిచూస్తోంది ఇన్నాళ్ళూ.

"అన్నం తినవేటి?"

"రేపు పొద్దున్న రైలుకి విశాఖపట్నం వెళ్తున్నాను," అంది.

వెళ్తూ చిన్న ఐస్ పెట్టెలో మూడు వస్తువులు పెట్టుకుంది. దోనిపేట సీసాలు పది, కంట్రోల్, గోధుమరంగు స్టాండర్డు. వెనక స్టేషను సుమ్మాదేవిలో ఎక్కిన కొబ్బరికాయల బస్తాలతో రైలు పెట్టె అప్పటికే నిండిపోయి ఉంది. పలాసలో ఎక్కిన హేమలతకు ఒక బస్తా మీద కూర్చునే చోటు దొరికింది. ఐస్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుంది. శ్రీకాకుళం రోడ్డు దాటేదాకా మూత తెరవకుండా, చేత్తో తడిమి చల్లదనం చూసుకుంటూనే ఉంది.

విశాఖ ల్యాబులో పవన్ ముప్ఫై ఏళ్ళవాడు. మాటలో మర్యాద ఉంది, దాని చివర చిన్న నవ్వు కూడా ఉంది.

"మీరు రావడమెందుకు మేడమ్, ఫోన్ చేస్తే సరిపోయేది కదా. మీ సముద్రపు గాలికి మిషన్ లోపల తుప్పు పట్టుంటాది. ఇంజనీర్ని పిలిపించండి."

"పిలిపిస్తాను. ముందు ఒక పని చేద్దాం బాబూ. నా సీసాల్ని నీ మిషన్ మీద వెయ్యి. ఒకసారి నీ స్టాండర్డుతో, ఇంకోసారి నా స్టాండర్డుతో."

"రెండుసార్లా?"

"మిషన్ ఒకటే, రక్తం ఒకటే. స్టాండర్డు ఒక్కటే మారుతుంది. తేడా మిషన్‌లో ఉంటే రెండుసార్లూ నీ అంకే రావాలి."

అతను భుజాలెగరేసి చేతొడుగులు వేసుకున్నాడు. పైన డబ్బా లోంచి తన స్టాండర్డు ఉన్న, మూతి కరిగించి మూసిన గాజు గొట్టం ఒకటి తీసి, మెడ దగ్గర విరిచాడు. కావలసినంత పిపెట్‌తో తీసుకున్నాడు. గొట్టంలో సగం పైగా మిగిలింది. దాన్ని చూడనైనా చూడకుండా వ్యర్థాల సీసాలో ఒంపేశాడు.

"అయ్యో, అంత పారబోసేశావేటి!" హేమలత నోట్లోంచి మాట అప్రయత్నంగా వచ్చేసింది.

పవన్ వెనక్కి తిరిగాడు. "విప్పిన తర్వాత మిగిలింది పారెయ్యడమే కదా మేడమ్. మిథనాల్‌లో ఉంటాది, ఊరుకుంటాదా, ఎగిరిపోతాది. ద్రవం ఎగిరిపోయినకొద్దీ మిగిలింది చిక్కబడతాది. మీరేం చేస్తారు?"

 తన చేతులు ఏం చేస్తాయో హేమలతకు కళ్ళ ముందు కనిపించింది. కొత్త స్టాండర్డు వచ్చిన రోజున పాత సీసా అడుగున రెండు మూడు చెంచాలు మిగిలి ఉండేది. అంత దూరం నుంచి, అంత కాలానికి వచ్చే వస్తువును పారబోయడానికి చెయ్యి రాక, కొత్తదాన్ని దానిలోనే పోసి కలిపేసేది. ఒకసారి కాదు, ఫిబ్రవరి నుంచి నాలుగు సార్లు. వాళ్ళింట్లో గంజి పులియబెట్టే తరవాణి కుండను ఎప్పుడూ బోర్లించరు. అడుగున పాతది ఉంచి, దాని మీదే కొత్త గంజి పోస్తారు. ఖాళీ చేసి కడిగేస్తే రుచి పోతుందని అమ్మ కేకలేసేది. చేతికి అదే అలవాటు. ఎండాకాలం కరెంటు పోయినప్పుడల్లా ఫ్రిజ్ వెచ్చబడేది. మూత తీసిన ప్రతిసారీ కాస్త మిథనాల్ ఎగిరేది. అడుగున చిక్కబడినది అక్కడే ఉండి, మీద పోసిన కొత్తదాన్ని కూడా చిక్కబరిచేది.

"వెయ్యి బాబూ," అంది. "రెండూ వేసి చూద్దాం."

రెండు గంటల సేపు తెర మీద గీతలు లేచి పడుతూంటే ఆమె కుర్చీ లోంచి లేవలేదు. పవన్ తెచ్చిన టీ చల్లారి మీగడ కట్టింది. పదిహేడో నంబరు, వాళ్ళ స్టాండర్డుతో: ఒకటీ పాయింట్ ఆరు. తన స్టాండర్డుతో: ఒకటీ పాయింట్ మూడు. పదింటికి పదీ అంతే.

పవన్ మొహంలోని నవ్వు పోయింది. "మిషన్ బాగానే ఉన్నట్టుంది మేడమ్, మీదీ మాదీ," అన్నాడు మెల్లగా.

"అవును. బాటు తప్పు," అంది హేమలత. "నాకు నీ గాజు గొట్టాలు ఒక డజను, సీలేసిన కంట్రోల్ ఒకటి ఇవ్వు. రసీదు మీద నా పేరు రాసుకో."

గురువారం తన మిషన్ మీద, కొత్త గాజు గొట్టంతో, దోనిపేట నలభై ఆరు సీసాలూ మళ్ళీ వేసింది. విరిచిన గొట్టంలో మిగిలింది వ్యర్థాల సీసాలో ఒంపేటప్పుడు మొదటిసారి చెయ్యి ఆగింది. రెండోసారికి ఆగలేదు. ఒకటిన్నర దాటినవాళ్ళు పద్నాలుగు మంది. విశాఖ కాగితం పక్కన పెడితే పేరుకు పేరు, అంకెకు అంకె కలిసింది. సాయంత్రం గోధుమరంగు సీసాను సింకు పక్కన పెట్టి, చీటీ మీద ఎర్ర సిరాతో 'వాడకూడదు' అని రాసి అతికించింది. పారెయ్యలేదు. ఎంత చిక్కబడిందో కొలిచి రాయాల్సి ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం డాక్టరుగారి గదిలో మొత్తం చెప్పింది. అడ్డు రాకుండా విన్నాడు.

"ఫిబ్రవరి నుంచంటే ఎన్ని శాంపిళ్ళు?"

"మూడు వందల పన్నెండు సార్. అన్నీ ఫ్రీజర్లో ఉన్నాయి. మళ్ళీ వేస్తాను. రోజుకు నలభై వేస్తే ఎనిమిది రోజులు. లిస్టులో దోనిపేట ఉండాలి. మిగతా ఊళ్ళ అంకెలు ఇంకా తేలలేదని రాయాలి."

ఆయన పెన్ను బల్ల మీద తాటిస్తూ కూర్చున్నాడు. "హేమలతా, నా మాట విను. మిషన్ సెట్టింగు కొంచెం జరిగిందని రాద్దాం. ఎక్కడైనా జరిగేదే. ఎవరి పేరూ ఉండదు. ఉమ పేరూ ఉండదు, నీదీ ఉండదు."

 హేమలతకు ఆ మాట ఎంత మెత్తగా ఉందో తెలుస్తూనే ఉంది. పదకొండేళ్ళ పనికి మచ్చ రాకుండా ఆ ఒక్క వాక్యం సరిపోతుంది.

"మిషన్ జరిగిందని రాస్తే ఇంజనీరు వచ్చి మిషన్ చూసి పోతాడు సార్. సీసా అడుగున మిగిలింది ఎవరూ చూడరు. రేపు నా కుర్చీలోకి వచ్చే అమ్మాయి కూడా పారెయ్యలేక కొత్తదాంట్లో పోస్తుంది. నాలాంటి ఇంట్లోంచే వస్తుంది కదా." తన దగ్గరున్న రెండు పేజీలు ఆయన ముందు పెట్టింది. "అన్నీ రాశాను. స్టాండర్డు విప్పిన రోజే వాడాలి, మిగిలింది ఆ రోజే పారెయ్యాలి. కంట్రోల్ బయట నుంచే రావాలి, అది లేనప్పుడు మిషన్ నడపకూడదు. నెలకోసారి ఒకే రక్తం రెండు మిషన్ల మీదా వెయ్యాలి. ఎలా తప్పు చేశానో మొదటి పేజీలో ఉంది."

"కంట్రోల్ ఇక్కడే తయారు చెయ్యమన్నది నేను."

"మీ మాట నేను రాయలేదు సార్."

ఆయన కాగితాలు లాక్కుని మొదటి పేజీ చదివాడు. పెన్ను మూత తీసి, ఆమె సంతకం కింద ఒక వాక్యం తానే రాశాడు. ఏం రాశాడో ఆమెకు తిప్పి చూపించలేదు. కాగితాలు మడిచి కవర్లో పెట్టి, "ఉమకి ఫోన్ చెయ్యి," అన్నాడు.

ఉమ ఫోన్లో అంతా విని, "అంటే ఐసు కరగనేదు," అంది.

"కరగలేదు."

"సూసినావా! నానప్పుడే సెప్పినాను కదేటి!" అవతల నుంచి ఎవరితోనో గట్టిగా, "ఓలప్పా, నాది తప్పు కాదంట!" అని అరవడం వినిపించింది. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "అయితే అక్కా, మా దాలమ్మ పెద్దమ్మకి బాగుందని సెప్పినాము. అదో?"

హేమలత జాబితాలో వేలు పెట్టి చూసింది. పదిహేడో నంబరు, దాలమ్మ, వయసు యాభై రెండు.

"నేనే వచ్చి చెప్తాను," అంది.

శనివారం దోనిపేటకు వెళ్ళేటప్పటికి పదిన్నర. పడవలు అప్పటికే ఒడ్డుకు చేరాయి. దాలమ్మ ఇంటి ముందు తాటాకు నీడలో కూర్చుని, గంపలో మిగిలిన కవళ్ళ చేపలకు ఉప్పు పట్టిస్తోంది. ఉమ పీట తెచ్చి వేసింది. హేమలత పీట మీద కూర్చోకుండా నేల మీదే, ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"పిన్నీ, నీ రక్తం గురించి పోయిన వారం బాగుందని చెప్పాము. అది తప్పు. బాగోలేదు."

దాలమ్మ చేతులు ఆగలేదు. "ఎవులు సెప్పినారు బాగునేదని?"

"నేనే. అప్పుడు చెప్పిందీ నేనే. నేను కొలిచిన కొలతలో తప్పుంది. ఉమ తప్పేమీ లేదు."

"నువ్వు సెప్పినావని నాను నడుం నొప్పికి రోజూ బిల్ల ఏసుకుంటన్నాను. బాగుంది కదాని." ఇప్పుడు చేతులు ఆగాయి. ఉప్పు అంటిన వేళ్ళను గాలిలోనే ఉంచి హేమలత మొహంలోకి చూసింది. "సదువుకున్నావు, అంత మిషను ముందు కూకున్నావు, అద్దాల గదిలో సల్లగా. మా సేపల తూకంలో తప్పొత్తే మార్కెట్టులో జుట్టు పట్టుకుంటారు తెలుసునా?"

"తెలుసు పిన్నీ."

"తెలుసని ఎంత నెమ్మదిగా సెప్తంది సూడు!" అంది ఉమ వైపు తిరిగి. ఉమ తల వంచుకుంది.

హేమలత క్షమించమనలేదు. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది కానీ, అది అడిగితే, రక్తం ఇచ్చిన దాలమ్మ మన్నింపు కూడా ఇవ్వాల్సి వస్తుందనిపించింది. "ఆ బిల్లలు ఇవాళ్టి నుంచి మానెయ్యాలి. అవి కిడ్నీకి మంచివి కావు. వచ్చే గురువారం డాక్టరు వ్యాను ఇక్కడికే వస్తుంది. పద్నాలుగు మంది ఉన్నారు పేటలో. నెలనెలా వస్తుంది. ఇవాళ మళ్ళీ రక్తం తీస్తాము, రెండు సీసాలు. ఒకటి నేను చూస్తాను, ఇంకోటి విశాఖపట్నంలో చూస్తారు. రెండూ కలిస్తేనే నీకు చెప్తాం."

 పక్కింటి గోడ మీద ఆరేసిన వల గాలికి కదులుతోంది. దాలమ్మ లేచి, తొట్టి దగ్గర మోచేతుల దాకా చేతులు కడుక్కుని, చీర చెంగుతో తుడుచుకుని వచ్చింది. హేమలత ముందు కాదు, ఉమ ముందు కూర్చుని చెయ్యి చాపింది.

"నువ్వు తియ్యి," అంది. "ఈమె రాసుకుంటాది."

ఉమ రబ్బరు పట్టీ కట్టింది. సూది గుచ్చినప్పుడు దాలమ్మ చూపు మరల్చలేదు. ఒక సీసా నిండింది, రెండోదీ నిండింది. హేమలత రెండిటి మీదా ఒకే నంబరు, ఒకే తేదీ, ఒకే టైము రాసింది. రాసి, రెండిటినీ పక్కపక్కన పట్టుకుని సరిచూసుకుంది.

"ఈ నంబరు మల్లీ మారదు కదేటి?" అంది దాలమ్మ, దూది నొక్కి పట్టుకుని.

మారదని చెప్పడం చాలా తేలిక. "మారితే నేనే వచ్చి చెప్తాను," అంది హేమలత.

దాలమ్మ దూది తీసి చూసి, పారేసి, గంప దగ్గరికి జరిగింది. మళ్ళీ ఉప్పు చేతిలోకి తీసుకుంది.

"అలగైతే పొద్దు పొడిసినప్పుడు రాకు," అంది తలెత్తకుండా. "ఆ యేలకి నాను ఒడ్డుకాడుంటాను. పది దాటినాక రా."